ముహూర్తంలో బిగించిన స్టీరింగు

ఇప్పటికీ ఎవరి కారులోనైనా ముందు సీట్లో కూర్చుంటే నా కుడి చెయ్యి ఊరుకోదు. నడిపే మనిషి క్లచ్చు తొక్కడం కంటపడగానే అది గేరు రాడ్డు కోసం తడుముకుంటుంది. మొన్న టాక్సీ ఆయన హడలిపోయి, "ఏం కావాలి పిన్నిగారూ?" అని అడిగాడు. "ఏం లేదులే నాయనా, నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాను. నాకు కావలసింది చెబితే మాత్రం అతను ఎక్కణ్ణుంచి తెస్తాడు! నాకు మా ఆయన కావాలి. మా పాత పికప్పు వ్యానులో ఆయన పక్కన ఉన్న చోటు కావాలి. వయసు మీదపడితే ఆశలు తగ్గుతాయంటారు గానీ, అదంతా ఒట్టిమాట.

మేనమామ కొడుకునే చేసుకున్నాను. అందుకని పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుపు పోలేదు. మాది చేపల వ్యాపారం. అసలు ఊరు బందరు పక్కన సముద్రపు ఒడ్డు. రేవుకీ బెజవాడకీ నడుమ ఉంటుందని మా మామయ్య ఉయ్యూరులో ఇల్లు కట్టాడు. మా బావ తెల్లవారకముందే పికప్పు తీసుకుని రేవుకి పోయేవాడు. పడవల దగ్గర బుట్టలు ఎత్తించుకుని, మీద ఐసు పోయించి, బందరు రోడ్డున పడి పొద్దెక్కేసరికి బెజవాడ మార్కెట్లో దింపేవాడు. తిరుగు ప్రయాణంలో వన్ టౌన్ షావుకార్ల సరుకు వేసుకుని, దారి పొడవునా ఊరూరా దింపుకుంటూ దీపాలవేళకి ఇల్లు చేరేవాడు. తినడం, పడుకోవడం. అంతే మా కాపురం. ఆ బండి నాకు సవతి అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, పైకే అన్నాను. "సవతైతే పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకో. నీకింత కూడు పెడతంది అదే" అని కసిరింది మా అత్త.

బండి అంటే ఇవాళ్టి బళ్లలాంటిది కాదు. ఎప్పుడో మిలటరీ వాళ్లు వేలం వేస్తే చేతులు మారి మారి మా మామయ్య దగ్గరికొచ్చింది. ముందు ఒకటే పొడుగాటి సీటు, సీటు ముందు నేలలోంచి పైకొచ్చిన గేరు రాడ్డు, పళ్లెమంత వెడల్పు స్టీరింగు. ఆ స్టీరింగు చక్రం సన్నగా ఉండేది. ఎండకి పగుళ్లు బారితే మా బావ దానికి వల అల్లే నూలుదారం చుట్టుకున్నాడు. రెండు చేతులా బలంగా తిప్పితే తప్ప మాట వినేది కాదు. అయినా ఆయన ఆ బండి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

పంతొమ్మిది వందల డెబ్బై అయిదో, డెబ్బై ఆరో, సరిగ్గా గుర్తులేదు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మొహం కడుక్కోబోతే ఆయన ఎడమ చేతిలోంచి చెంబు జారి పడింది. వంగి తీయబోతే చెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. బెజవాడ ఆసుపత్రిలో పెట్టాం. పక్షవాతం అన్నారు. మూతి సర్దుకుంది, మాట తేటపడింది, కాలు కూడా నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. భుజం దాకా లేపేవాడు గానీ, వేళ్లకి పట్టు లేదు. తైలం రాసి, మర్దనా చేసి నా అరచేతులు అరిగిపోయాయి.

ఇంటికొచ్చాక బండికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే కూర్చోవడం. కావాలని కోరుకున్న మనిషి రోజల్లా ఇంట్లోనే ఉన్నాడు కదా, నాకు పండగ అనుకున్నారేమో! ఆ మనిషి ఈ మనిషి కాదు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. పరాచికాలాడే నోరు మూగబోయింది. ఒళ్లు మండి ఒకసారి, "బావా, నన్నొక్క మాట తిట్టవయ్యా బాబూ!" అన్నాను. నవ్వను కూడా లేదు.

మైలవరం నుంచి మామిడికాయల వ్యాపారి ఒకాయన బండి చూసుకోవడానికి వచ్చాడు. ఇంజను మూత ఎత్తి చూశాడు, టైర్లు తన్ని చూశాడు. మా అత్తకి అమ్మేయాలనే ఉంది. అతను స్టీరింగు ముందు కూర్చుని అటూ ఇటూ తిప్పుతుంటే మా బావ లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. వెనకాలే వెళ్లి చూద్దును కదా, గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. పెళ్లయిన తర్వాత అదే మొదటిసారి ఆయన ఏడవడం చూడటం. గిరుక్కున తిరిగొచ్చి, "మా బండి అమ్మేది లేదండీ. శ్రమ తీసుకున్నారు, మజ్జిగ తాగి వెళ్లండి" అని చెప్పేశాను. మా అత్త నన్ను నమిలి మింగేసేలా చూసింది. నన్నేమన్నా అనుకోనీ, మా బావ మళ్లీ ఆ బండి నడపాలి, మళ్లీ నా మనిషి నాకు కావాలి. నాకిక వేరే కోరిక లేదు.

బెజవాడ ఆటోనగర్లో ఆ బండిని మొదట్నుంచీ చూస్తున్న మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నేనే బస్సెక్కి వెళ్లి మొర పెట్టుకున్నాను. ఆయన చాలాసేపు చెవి గోక్కుంటూ ఆలోచించి, "ఒంటి చేత్తో తిప్పాలంటే ఆ పాత చక్రంతో కాదమ్మా. చెయ్యి మార్చి చెయ్యి పట్టుకోవాల్సొస్తది. అంచుకి గుబ్బ ఉండాలి. గుబ్బ అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి తియ్యకుండా గుండ్రంగా తిప్పెయ్యొచ్చు" అన్నాడు. బొంబాయి నుంచి వచ్చిన కొత్త స్టీరింగొకటి సంపాదించాడు. అంచు దళసరిగా, నల్లటి రబ్బరు తొడుగుతో, చూడముచ్చటగా ఉంది. అది వేరే బండికి చేసింది. మా బండి స్టీరింగు కడ్డీకి ఉన్న పళ్లూ దాని నడుమ ఉన్న బెజ్జమూ కలవలేదు. లేత్ మీద ఇనుప బిళ్ల ఒకటి తిప్పించి మధ్యలో పెడతానన్నాడు. గుబ్బ జారకుండా అంచు కింది ఇనుముకి వెల్డింగు పెట్టేశాడు.

ఇక్కడ మా అత్త ప్రవేశించింది. "బండి కొన్న వేళ మంచిది కాదు. అందుకే నా బిడ్డకింత గండం వచ్చింది. ఈ చక్రమన్నా ఘడియ చూసి బిగించండి" అంది. ఆ మాటకి మా బావ కూడా తల ఊపాడు. దెబ్బ తిన్న మనిషి కదా, భయం ఉంటుంది. నాకూ లేకపోలేదు. పంతులుగారు పొద్దున పూట ఒక ముహూర్తం పెట్టి, ఆ ఘడియలోనే నట్టు బిగించాలన్నారు, బండి తూర్పు ముఖంగా ఉండాలన్నారు.

మేస్త్రీ మనిషి వచ్చి బండిని ముందే నడుపుకుపోయాడు, మేమంతా పంతులుగార్ని వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాం. మేస్త్రీ షెడ్డు చూస్తే ఉత్తరం ముఖం. పక్కనే ఎవరిదో లారీ అడ్డంగా ఉంది. పాత చక్రాన్ని నట్టు లేకుండా ఊరికే తగిలించి, దాన్ని తిప్పుతూ, నలుగురు వెనకనుంచి బండిని తోస్తూ తూర్పుకి మళ్లిస్తున్నారు. సగం తిరిగిందో లేదో, చేతి గడియారం వంకే చూస్తున్న పంతులుగారు, "ఆగండాగండి! వచ్చేసింది, కానివ్వండి, కానివ్వండి!" అని కేకేశారు. ఇంకేముంది, ఎక్కడి బండి అక్కడ ఆగిపోయింది. మేస్త్రీ పాత చక్రం పీకేసి కొత్తది పట్టుకున్నాడు. మా బావని సీట్లో కూర్చోబెట్టి, కుడి చెయ్యి హాయిగా ఆనే చోటికి గుబ్బ వచ్చేలా చక్రం పెట్టి, "ఇక్కడ బాగుందా అన్నా?" అని అడిగాడు. "బాగుంది" అన్నాడు మా బావ. నట్టు బిగించి, సుత్తితో రెండు దెబ్బలు కూడా వేశాడు. మా అత్త నట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు, కాయ చక్కగా రెండు చెక్కలైందని అందరూ సంబరపడ్డారు. కింద టైర్లు ఎటు తిరిగి ఉన్నాయో చూసినవాడు ఒక్కడూ లేడు!

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మేస్త్రీ బండిని తిన్నగా రోడ్డు మీదికి తెచ్చాడు. తెచ్చి, నాలుక కరుచుకున్నాడు. బిగించినప్పుడు ముందు టైర్లు పక్కకి తిరిగి ఉన్నాయి. అవి తిన్నగా అయ్యేసరికి కుడిపక్క ఉండాల్సిన గుబ్బ ఎడమపక్క పైకి పోయి కూర్చుంది. "ఓర్నాయనో! పది నిమిషాల పనమ్మా, పుల్లరు వేసి లాగి మళ్లీ పెట్టేస్తాను" అంటూ పానా అందుకోబోయాడు. మా అత్త బండికి అడ్డం నిలబడింది. "చెయ్యేశావంటే ఊరుకోను. మంచి ఘడియలో బిగించింది విప్పుతావా? నా కొడుకు ఏమైపోవాలి?" అంది. మేస్త్రీ నా మొహం చూశాడు. నేను పంతులుగారి మొహం చూశాను. ఆయన కొబ్బరి చెక్కలు సంచిలో సర్దుకుంటూ, "విప్పకపోతేనే మంచిది" అన్నారు. అయిపోయింది. ఇంత చదువుకున్నాను, పదో తరగతి ప్యాసయ్యాను, నాకూ విప్పమనే ధైర్యం రాలేదు.

మా బావ సీట్లో సర్దుకుని, కుడి చెయ్యి రొమ్ముకి అడ్డంగా చాపి గుబ్బ పట్టుకున్నాడు. స్టార్టు చేశాడు. ఎడమ కాలితో క్లచ్చు తొక్కాడు. ఇక గేరు వెయ్యాలి. ఎడమ చెయ్యి ఎత్తి రాడ్డు మీద పెట్టాడు. వేళ్లు పట్టుకోలేదు, చెయ్యి జారి ఒళ్లో పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. మణికట్టుతో నెట్టి చూశాడు. బండి గుర్రుమంది గానీ కదల్లేదు. స్టీరింగు గురించి ఇంత ఆలోచించాం గానీ, గేరు సంగతి అందరం మర్చిపోయాం. చెమట కారిపోతున్న ఆయన మొహం చూడలేక, నేను అవతలి తలుపు తీసి ఎక్కి పక్కన కూర్చున్నాను.

"ఎటు తొయ్యాలో చెప్పు బావా, నేను తోస్తాను."

"నీ మొహం. నీకేం తెలుసు?"

ఎన్నాళ్ల తర్వాత విన్నాను ఆ మాట! "నా మొహానికేం గానీ, ఎటో చెప్పు" అన్నాను. "నీ పక్కకి లాగి, ముందుకి తొయ్యి" అన్నాడు. తోశాను. గరగరమంది. "ఇంకా గట్టిగా!" అన్నాడు. బలం కొద్దీ నెట్టాను. బండి ఒక్క గెంతు గెంతి కదిలింది. మా అత్త దండం పెట్టుకుంటూ వెనకాల పరిగెత్తడం, ఆవిణ్ణి ఎక్కించుకోవడం మరిచిపోయి మేం ఆ సందు చివరిదాకా వెళ్లిపోవడం నిన్న మొన్న జరిగినట్టుంది.

దొడ్లో నేల మీద బొగ్గుతో గీతలు గీసి ఏ గేరు ఎక్కడుంటుందో నేర్పాడు. తొక్కుడుబిళ్ల గళ్లలా ఉన్నాయి, తొందరగానే వచ్చేశాయి. ఇక రోజూ తెల్లవారుజామునే ఇద్దరం బయల్దేరేవాళ్లం. మా ఇళ్లల్లో ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగినవాళ్లే గనక, పెళ్లాం బండెక్కిందని వింతగా చూసేవాళ్లు లేరు. వెక్కిరించేవాళ్లు మాత్రం ఉన్నారు. ఉయ్యూరు సెంటర్లో టీ కొట్టు ఆయన మమ్మల్ని చూడగానే, "అదిగోరా, ఇద్దరు డ్రైవర్ల బండి వచ్చింది!" అని అరిచేవాడు.

బండి తిన్నగా పోతున్నంతసేపూ గుబ్బ నా వైపే ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే మా బావ నా మీదకి ఒరగక తప్పేది కాదు. బందరు నుంచి బెజవాడ దాకా ఆయన భుజం నా భుజానికి ఆని ఉండేది. "మీ అత్త పెట్టించిన ముహూర్తం నన్ను నీ పక్కకే తిప్పేసిందే" అని నవ్వేవాడు. ఆయన "సెకండు" అనేవాడు, నేను వేసేదాన్ని. "థర్డు" అనేవాడు, వేసేదాన్ని. మధ్యలో ఎన్నెన్ని కబుర్లు! రేవులో ఎవరెవరు తగువులాడుకున్నారో, చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు నన్ను చూసి ఏమనుకున్నాడో, అన్నీ ఆ రోడ్డు మీదే చెప్పాడు. కంకిపాడు దాటేసరికి కాలవ మీద వెలుగు పడేది. ఒళ్లంతా చేపల వాసన, కాళ్ల కింద ఐసు నీళ్లు. నా పెళ్లి నిజంగా ఆ బండిలోనే జరిగింది.

మేస్త్రీ కనబడినప్పుడల్లా, "మీ అమ్మగారికి తెలియకుండా విప్పి సరిచేస్తాను, అన్నా" అనేవాడు. "అలవాటైపోయిందిలే" అనేవాడు మా బావ. నేను రోజూ పడుకోబోయే ముందు ఆయన చేతికి తైలం రాస్తూనే ఉన్నాను, పట్టు రావాలని మొక్కుతూనే ఉన్నాను. పట్టొస్తే ఆ బండిలో నాకు పని లేదు. అది తలుచుకుని తైలం గిన్నె పక్కన పెట్టేసేదాన్ని, మళ్లీ తీసుకునేదాన్ని. మొక్కడం మాత్రం మానలేదు.

చెరుకు సీజను వచ్చింది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్లు రోడ్డుకి ఒక పక్క బారులు తీరి ఉండేవి. వాటి మధ్యలోంచి పోవాలంటే ఆగడం, కదలడం, గేరు మీద గేరు. ఒకరోజు నాకు ఒంట్లో నలతగా ఉండి, రేవు నుంచి బయల్దేరిన కాసేపటికే నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఇంజను మోత మారుతోంది. చెరుకు తీపి వాసన గుప్పున కొట్టింది. ఉయ్యూరు వచ్చేశాం. ఇంత దూరం గేర్లు ఎవరు వేశారు? కళ్లు పూర్తిగా తెరవకుండానే చూశాను. మా బావ ఎడమ చెయ్యి రాడ్డు మీద ఉంది. వేళ్లు దాని చుట్టూ గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. ఎదురుగా ఎడ్లబండి అడ్డమొస్తే, నాకు నిద్రాభంగం కాకుండా నెమ్మదిగా, చప్పుడు లేకుండా సెకండులోకి లాగాడు. మళ్లీ థర్డులోకి తోశాడు. అది ఇవాళ కొత్తగా వచ్చిన పట్టు కాదు. బాగా అలవాటైన చెయ్యి.

నేను కదిలాను. ఆ చెయ్యి రాడ్డు మీదనుంచి జారి ఒళ్లో పడింది. వేళ్లు ఎప్పటిలాగే వాడిపోయి పడున్నాయి. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "టాపు" అన్నాడు.

వేశాను.

అబ్బ, ఎంత కోపం వచ్చిందని! తెల్లారగట్ల లేచి, వంట ముగించి, ఒళ్లు హూనం చేసుకుని వస్తుంటే, ఈ దొంగమొహం నా ముందే నాటకమాడతాడా? ఎన్నాళ్లనుంచి? బెజవాడ మార్కెట్లో బుట్టలు దించుతున్నవాళ్ల మీదల్లా అరిచాను. తిరిగి బండెక్కగానే కడిగిపారెయ్యాలని మాటలన్నీ పేర్చి పెట్టుకున్నాను. ఎక్కాను. ఆయన కుడి చెయ్యి చాపి గుబ్బ పట్టుకుని నా మీదకి ఒరిగాడు. ఒరిగి, "ఫస్టు" అన్నాడు, గొంతు తగ్గించి, అడగడానికి మొహమాటపడేవాడిలా. ఈ మనిషికీ నాలాగే ఉందని అప్పుడు తెలిసింది నాకు. పేర్చిన మాటలు ఏమైపోయాయో ఏమో, రాడ్డు ముందుకి తోశాను.

ఆ సాయంత్రం ఇద్దరం అన్నాలు తింటున్నాం. మా అత్త వడ్డిస్తోంది. చేప ముళ్లు ఒంటి చేత్తో తీసుకోలేడని నేనే తీసి ఆయన కంచంలో పెడుతున్నాను. కుడి చెయ్యి ఎంగిలి, ఎడమ చెయ్యి పనిచెయ్యదు గనక మంచినీళ్లు కూడా నేనే పట్టేదాన్ని.

"ఏమే, వాడి చెయ్యి ఎంతవరకూ వచ్చింది? అడిగితే ఉలకడు పలకడు. నీకైతే తెలుస్తది" అంది మా అత్త. "పట్టొస్తే చెప్పు. నువ్వింక ఇంటిపట్టున ఉండొచ్చు. ఎన్నాళ్లని పడతావు ఈ తిప్పలు!"

మా బావ తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

"ఇంకా ఎక్కడత్తా!" అన్నాను ముల్లు తీస్తూ. "వేళ్లు ముడుచుకోడమే లేదు. ఇంకా చాన్నాళ్లు పట్టేట్టుంది."

ఆయనకి పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. మా అత్త గబగబా వచ్చి నెత్తి మీద తడుతూ, "ఎవరో తలుచుకుంటన్నారు నాయనా, ఎవరో తలుచుకుంటన్నారు" అంది. నేను నీళ్ల గ్లాసు తీసుకెళ్లి కావాలనే ఆయన ఎడమ చేతి పక్కన పెట్టాను. ఆయన గ్లాసు వంక చూశాడు. నా వంక చూశాడు. అంత దగ్గులోనూ నవ్వు ఆపుకోలేక అవస్థపడుతూ, "నువ్వే పట్టవే" అన్నాడు. పట్టాను.

ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే అప్పుడప్పుడు నాకూ పొలమారుతుంది. నెత్తిన తట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. నీళ్లు నేనే తాగుతాను. తలుచుకుంటున్నది ఎవరో నాకు తెలుసు.